వాలు రాత

నంద్యాల,
ఏప్రిల్ 14

పెద్దనాయనకు జెస్సీ వందనాలు.

ఫోన్ చేస్తే నీకు వినపడదు, మెసేజ్ పెడితే చూడవు. ఉలీ సుత్తీ కలిసి నీ చెవులు తినేశాయి కాబట్టి కాగితం మీదికి వచ్చాను. కళ్లు మాత్రం నీవే నా కళ్లకంటే బాగున్నాయి. కవర్లో ఒక పెళ్లి కార్డు పెట్టాను. వెలుతురులో పట్టుకొని చూసి, ఆ అక్షరాలు ఎవరివో చెప్పు. చెప్పలేకపోతే నీ ఉలి తీసుకుపోయి గురుస్వామి మామకు ఇచ్చెయ్. దేవుళ్లను చెక్కే ఆయన దాన్ని ఎలాగూ నీకంటే బాగా వాడుకుంటాడు.

సరే, నాకు ఆగదు, నేనే చెప్తాను. అవి నీవే. పోయిన ఏడు సమాధుల పండుగకు ఆళ్లగడ్డ వచ్చినప్పుడు మీరంతా సున్నం కొడుతుంటే నేను అమ్మ సమాధి పలక మీద పలచని కాగితం పరిచి బొగ్గు రుద్దుతూ కూర్చున్నాను, గుర్తుందా? ఎండలో ఏం పిచ్చిపని అని నాయన తిట్టాడు కూడా. అమ్మది ఒక్కటే కాదు, చుట్టుపక్కల నువ్వు చెక్కిన పలకలన్నీ అట్లాగే కాగితాల మీదికి ఎత్తుకున్నాను. ఇంటికొచ్చి వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి, ఒక్కొక్క అక్షరం అంచు వెంబడి గీత గీసుకుంటూ పోయాను. కడుపు దగ్గర లావు, తోక దగ్గర వెంట్రుకంత సన్నం, తలకట్టు వాలుగా లేచే ఆ తీరు, అన్నీ ఉన్నది ఉన్నట్టు. దొరకని అక్షరాలు నీ పద్ధతిలోనే నేను గీశాను. ఇప్పుడు కీబోర్డు మీద ఎవరు ఏ పేరు కొట్టినా నీ చేతితో రాసినట్టే వస్తుంది. దీన్ని ఫాంట్ అంటారు. దానికి అమ్మ పేరే పెట్టాను, శాంత అని.

మా కార్డుల షాపు ఓనరు రాజశేఖరన్న దాన్ని చూసి కుర్చీలోంచి లేచాడు. మొదటి కార్డు చాగలమర్రి కృపావరం చిన్నాయన కూతురు అనితది. ఆల్బంలో ఉన్న రకాలన్నీ పక్కకు నెట్టి, ఇదే కావాలని వేలు పెట్టి చూపించింది. పెళ్లికి నువ్వూ పోతావు కదా, ఆడ ఆర్చి మీద కూడా చూడు.

షాపును మూడో అంతస్తుకు మార్చారు. మెట్లెక్కేసరికి ముసలమ్మలాగా రొప్పుతున్నాను. నాయన బాగున్నాడు. ఎట్లా ఉందో రాయి, పొగడటానికి సిగ్గుపడకు.

జెస్సీ

*

ఆళ్లగడ్డ,
ఏప్రిల్ 20

జెస్సికాకు దీవెనలు.

కార్డు వెనక్కి పంపుతున్నాను. దాన్ని ఇంట్లో పెట్టుకోలేకపోయాను. రెండు పూటలు బయట అరుగు మీద రాయి కింద పెట్టాను. అక్కడ కూడా ఉండనివ్వలేక మళ్లీ కవర్లో పెట్టాను.

నువ్వు తెలియక చేశావు. తప్పు నీది కాదు, నీకు ఎవరూ చెప్పలేదు. నాకు రెండు రాతలున్నాయి. నిలువు రాత, వాలు రాత. చర్చి శంకుస్థాపన పలకలు, బడి గేటు మీద దాతల పేర్లు, ఇళ్ల పేర్లు, అవన్నీ నిలువు రాత. వాలు రాత పోయినవాళ్లకు మాత్రమే. చదవడానికి వచ్చేవాళ్లు ఏడుస్తూ వస్తారు, వాళ్ల కంటికి కాస్త నెమ్మదిగా ఉండాలని దాన్ని అంత అందంగా దిద్దుకుంటూ వచ్చారు మనవాళ్లు. మా నాయన నాకు నేర్పేటప్పుడు ఇసుకలో కూడా బతికున్న మనిషి పేరు ఆ రాతలో రాయనిచ్చేవాడు కాదు. చేయి తిరగడానికి పేరు కావాలంటే సమాధుల దొడ్డికి పోయి అక్కడున్న పేర్లే దిద్దుకోమనేవాడు. నేను అట్లాగే నేర్చుకున్నాను.

మీ పెద్దమ్మ రాహేలమ్మ పలక చూశావు కదా. మన దగ్గర మొగుడూ పెళ్లాలకు ఒకే పలక వేస్తాం. ఎడమ సగంలో ఆమె పేరు ఉంది. కుడి సగం నాది, నున్నగా వదిలేశాను. దాని మీద పెన్సిల్ గీత కూడా పడనివ్వలేదు.

పాస్టరుగారిని అడిగితే ఇదంతా మూఢనమ్మకం అంటారు, ఆయన అనేది సరే. కానీ అనిత పేరు ఆ రాతలో చూడగానే కార్డు బోర్లించేశాను. నాకు భయంగా ఉంది తల్లీ. ఆ కార్డులు పంచకముందే ఆపించు. నేను చెప్పానని రాజశేఖర్‌కు చెప్పు. ఇంకా ఎవరెవరి పేర్లు రాశావో అది కూడా రాయి.

నీ పెద్దనాయన

*

నంద్యాల,
మే 3

పెద్దనాయనా,

నీ ఉత్తరం చదివి మొదట నవ్వాను, తర్వాత కోపం వచ్చింది, తర్వాత మళ్లీ నవ్వాను. జీవితమంతా ఆదివారం ముందు బెంచీలో కూర్చునే మనిషివి, అక్షరాలకు భయపడతావా? ఇది పాస్టరుగారికి చెప్పేస్తా చూడు.

కార్డులు ఆపడం కుదరలేదు, అప్పటికే పంచేశారు. ఎవరి పేర్లు రాశావని అడిగావు కదా, నంద్యాలలో సగం మందివి. పరిహాసం కాదు. ఇప్పుడు ఊళ్లో ఎక్కడ చూసినా శాంతే. చీరల కొట్టు సంచుల మీద ఉంది. ఓణీల ఫంక్షన్ల ఫ్లెక్సీల మీద ఉంది. పుట్టినరోజు కేకుల్లో గుచ్చే బంగారురంగు అట్టముక్కల మీద పిల్లల పేర్లు కూడా అందులోనే కత్తిరిస్తున్నారు. ఆత్మకూరు పోయే ఒక ప్రైవేటు బస్సు వెనక ఓనరు తన కూతుళ్ల పేర్లు అందులోనే రాయించుకున్నాడు. బస్సు పోతుంటే తోకలు ఎంత బాగున్నాయో!

దాన్ని వాడటంలో ఒక కిటుకు ఉంది, అది మిగతా డిజైనర్లకు కూడా చెప్పాను. చిన్నగా పెడితే తోకలు ఒకదాంట్లో ఒకటి చిక్కుకుంటాయి, కంటికి ముళ్లకంపలాగా ఉంటుంది. పెద్దగా, చుట్టూ ఖాళీ వదిలి పెడితేనే దాని అందం. అందుకే అడ్రసుకు, ముహూర్తానికి మామూలు అక్షరాలు వేసి, శాంతను పేర్లకు మాత్రమే వాడమంటాను.

నువ్వు నాకొక సాయం చేయాలి. నేను గీసిన అక్షరాల్లో కొన్ని కుంటుతున్నాయి. ముఖ్యంగా జె. నీ పలకల్లో 'ప్రభువునందు నిద్రించెను' అని ప్రతిదాని మీదా ఉంది కానీ, చ మీద ఎత్వం కూర్చునే తీరు వేరు, జ మీద వేరు. ఆళ్లగడ్డలో జె పేరున్నవాళ్లు ఇంతవరకు ఎవరూ చనిపోలేదు కాబోలు! తెల్లకాగితం మీద ఒక్క జె రాసి పంపవా? బ్రష్షుతో అయినా సరే. నీ చేతిది ఉంటే నా మనసు కుదుటపడుతుంది.

జెస్సీ

*

ఆళ్లగడ్డ,
మే 13

జెస్సికాకు,

జె రాయను. అడగొద్దు.

చాగలమర్రి పెళ్లికి పోయి వచ్చాను. చర్చి ముందర బస్సు దిగగానే ఎదురుగా పూల ఆర్చి. దాని మీద నా అక్షరాలు, ఒక్కొక్కటి మూరెడు. అబద్ధం ఎందుకు చెప్పాలి, చూసిన ఆ క్షణం సంతోషం వేసింది. నా రాతను అంత పెద్దగా నేను ఎన్నడూ చూసుకోలేదు. తోక ఎక్కడ తిప్పాలో అక్కడే తిప్పావు. తర్వాత పేర్లు చదివాను. అనిత, నరేశ్. కింద 'ప్రభువునందు' అని ఉంది. ఆ మాట తర్వాత నా చేయి ఎప్పుడూ రాసేది ఒక్కటే మాట. 'ఏకమవుచున్నారు' అని మీరు రాశారు కానీ నా కన్ను దాన్ని చదవలేదు, అలవాటైనదే చదివింది.

భోజనాల దగ్గర కూర్చొని లేచి వచ్చేశాను. కృపావరం నా వెనకాలే వచ్చి ఏందన్నా అని అడిగాడు. కడుపులో బాగాలేదని చెప్పాను. ఆ పిల్లలిద్దరూ ఆర్చి కింద నిలబడి ఫోటోలు దిగుతున్నారు. నేను బస్సు ఎక్కేదాకా వాళ్ల పేర్లు వాళ్ల నెత్తి మీదే ఉన్నాయి.

రెండు మాటలు అడుగుతాను, దాచకుండా రాయి. ఆ ఫాంటును తీసేయడానికి వీలుందా లేదా? రెండోది. నేను ఉలి కొత్తగా సాన పట్టినప్పుడు పనికిరాని రాతి ముక్క మీద ఒక గీత గీసి చూస్తాను. ఎవరైనా కొత్త కలం కొన్నా అంగట్లోనే కాగితం మీద రాసి చూస్తారు, సామాన్యంగా తమ పేరే రాస్తారు. నువ్వు అందులో నీ పేరు రాశావా?

నీ పెద్దనాయన

*

నంద్యాల,
మే 25

పెద్దనాయనా,

ఈ కబురు నీకు ఈపాటికి చేరే ఉంటుంది. అనిత మొగుడు నరేశ్ చాగలమర్రి దగ్గర హైవే మీద బండి మీద నుంచి పడ్డాడు. లైటు లేకుండా ఆపిన ట్రాలీకి గుద్దుకున్నాడట. నంద్యాలకు తెచ్చారు. తలకు దెబ్బ, ఇంకా కళ్లు తెరవలేదు.

నిన్న చూడటానికి పోయాను. పోకుండా ఉండాల్సింది. అనిత ఐసీయూ బయట నేల మీద కూర్చొని ఉంది, చేతుల గోరింట ఇంకా ఎర్రగానే ఉంది. నన్ను చూసి ఏడుస్తుంది అనుకున్నాను, ఏడవలేదు. పక్కన కూర్చోబెట్టుకొని, "అక్షరాలు శానా బాగుండాయని నేనే ఏరుకుంటినక్కా. ఆయన వద్దన్న్యాడు, మామూలువి చాలన్న్యాడు" అంది. ఆ పిల్లకు నీ రాత సంగతి ఏమీ తెలియదు. పెళ్లి గురించి ఏదో ఒకటి మాట్లాడాలని మాట్లాడింది, అంతే.

ఆ ట్రాలీకి లైటు లేకపోవడమే కారణమని నాకు తెలుసు. రోజూ ఆ రోడ్డు మీద ఎవరో ఒకరు పడుతూనే ఉన్నారని తెలుసు. తెలిసి కూడా షాపుకు పోయి శాంత ఉన్న ఫైలు తీసేశాను. రాజశేఖరన్నతో కూడా చెప్పాను. ఆయన నా ముఖం చూసి నవ్వి, "తీసేస్తే ఏమొస్తాది తల్లీ? పెన్ డ్రైవుల్లో కర్నూలు దాకా పాయ. ఇప్పుడు యాడని ఏరుకొస్తావ్?" అన్నాడు. నిజమే. వీధిలోని షాపులన్నిట్లో ఉంది, వాళ్ల దగ్గరి నుంచి ఇంకెందరి దగ్గరికి పోయిందో. వదిలినదాన్ని నేను, పట్టుకొచ్చే దారి నాకే తెలియదు.

సాయంత్రం ఇంటికి నడిచి వస్తుంటే ప్రతి గోడ మీదా అమ్మ పలకే కనిపించింది. తల దించుకొని నడిచాను. నాయనకు ఏమీ చెప్పలేదు. నీ ఆరోగ్యం జాగ్రత్త. ఎండలు తగ్గేదాకా పనికి పోవద్దు.

జెస్సీ

*

ఆళ్లగడ్డ,
మే 30

జెస్సికాకు,

అన్నిటికీ జవాబు రాశావు, నేను అడిగినదానికి తప్ప.

నాకు వినపడదు కానీ, చేతిరాత చదవడం నా పని. ఏప్రిల్లో రాసిన ఉత్తరం, ఇప్పటి ఉత్తరం పక్కపక్కన పెట్టుకొని చూశాను. ఏప్రిల్లో నీ కలం పంక్తి ఈ కొస నుంచి ఆ కొసకు ఆగకుండా పోయింది. ఇప్పుడు పంక్తి నడుమ ఆగుతోంది. ఆగిన చోట సిరా చుక్క ముద్దకడుతోంది. మళ్లీ మొదలైనప్పుడు అక్షరం కిందికి జారుతోంది. మనిషి మూట దించి ఊపిరి తీసుకొని మళ్లీ ఎత్తుకున్నట్టు ఉంది నీ రాత. మెట్లెక్కితే రొప్పు వస్తోందని మొదట్లోనే రాశావు. అప్పుడు నేను పట్టించుకోలేదు.

జయరాజుకు ఫోన్ చేయించాను. గురుస్వామి మాట్లాడి నా చెవి దగ్గర అరిచి చెప్పాడు. మీ నాయన, "ఏం లేదన్నా, బాగుంది" అన్నాడట. నా తమ్ముడు అబద్ధం చెప్పేటప్పుడు మాట తక్కువ చేస్తాడు, చిన్నప్పటి నుంచీ అంతే.

నువ్వు ఆళ్లగడ్డకు వచ్చి రెండు నెలలు దాటింది. బస్సెక్కితే గంట దూరం. నేను నీ ముఖం చూస్తే తెలిసిపోతుందని రావడం లేదు. అవునా? ఏముందో రాయి. రాయకుంటే రేపటి బస్సుకు నేనే వస్తాను. నిద్ర పట్టడం లేదు నాకు.

నీ పెద్దనాయన

*

నంద్యాల,
జూన్ 8

పెద్దనాయనా,

నువ్వు రావొద్దు. రాస్తున్నాను, అంతా రాస్తున్నాను.

గుండెలో ఒక వాల్వు సరిగా మూసుకోవడం లేదట. చిన్నప్పుడు జ్వరం వచ్చి కీళ్లు వాచినప్పటి నుంచే ఉండి ఉంటుందట. మందులతో కాదు, కోసి మార్చాలంటున్నారు. కర్నూలులో ఆపరేషన్, ఈ నెల చివర్లో. డాక్టరమ్మ మంచిదే, భయం లేదంటుంది. కానీ సంతకం పెట్టించుకునే కాగితం మీద ఏమేం జరగొచ్చో అన్నీ రాసి ఉంది, నేను చదివాను. నాయన మాత్రం చదవకుండానే సంతకం పెట్టాడు.

ఇప్పుడు నువ్వు అడిగినదానికి. అవును, రాశాను. ఫాంట్ పూర్తయిన రోజు మొట్టమొదట కొట్టింది నా పేరే. ఎవరైనా అదే చేస్తారు పెద్దనాయనా, నువ్వే అన్నావు కదా. జెస్సికా అని పెద్దగా కొట్టి, మంచి కాగితం మీద ప్రింటు తీసి, నా బల్ల ఎదురుగా గోడకు అంటించుకున్నాను. ఎంత మురిసిపోయానో. అది ఫిబ్రవరిలో. మార్చిలో మెట్ల మీద కూలబడ్డాను. నీకు మొదటి ఉత్తరం రాసేనాటికే స్కానింగు తీశారు. నీ జవాబు వచ్చాక నవ్వాను అని రాశాను, అది అబద్ధం. ఆ ఉత్తరం చేతిలో పట్టుకొని స్నానాల గదిలో గడియ వేసుకున్నాను. గోడ మీది కాగితం అదే రోజు చించేశాను. చించితే పోతుందా?

ఆపరేషన్ కోసం మొన్న మళ్లీ తీసిన స్కానింగు రిపోర్టు కవరు ఇందులో పెట్టాను, చూడు. పేషెంటు పేరు అనే చోట నా పేరు ఎవరో ఆ అక్షరాల్లోనే అచ్చు వేసి అంటించారు. అందంగా ఉంటుందని వాళ్లు కూడా పేర్లకే వాడుతున్నారు. నేను నేర్పిన కిటుకే కదా.

నాకు చదువుంది, పని తెలుసు, వాల్వుకూ అక్షరానికీ సంబంధం లేదని ఎవరికైనా నేనే చెప్పగలను. పగలు చెప్పుకుంటాను కూడా. కానీ కళ్లు మూసుకుంటే కడప రాయి పలక మీద నా పేరు కనిపిస్తోంది. అది ఇప్పటికే చెక్కేసి ఉంది, నేనే చెక్కాను. చావంటే నాకు చాలా భయంగా ఉంది పెద్దనాయనా. ఈ మాట నాయనతో అనలేను, ఆయన ఇప్పటికే సగమయ్యాడు.

ఒక్కటి అడుగుతాను. నా పేరులో మొదటి అక్షరం నీ చేతిది కాదు. జె నీ పలకల్లో లేదు, నేను సొంతంగా గీసింది. కుంటిది. అంటే అది నీ రాత కింద లెక్కలోకి రాదు కదా? రాదని ఒక్క మాట రాయవా?

జెస్సీ

*

ఆళ్లగడ్డ,
జూన్ 17

నా తల్లి జెస్సీకి,

రాదు. నీ జె లెక్కలోకి రాదు. చెక్కేవాణ్ణి నేను, చెప్పే హక్కు నాకుంది.

కర్నూలుకు వద్దామనే సంచి సర్దుకున్నాను. తర్వాత ఆలోచించాను. ఆసుపత్రిలో డాక్టర్లు చెప్పేది నాకు వినపడదు, జయరాజుకు నన్ను చూసుకోవడం ఇంకో పని అవుతుంది. నాకు చేతనైన పని ఇక్కడే ఉంది. అది చేసి రాస్తున్నాను.

మొన్న పొద్దున్నే ఉలులు సాన పట్టుకొని సమాధుల దొడ్డికి పోయాను. గురుస్వామి వెంట వచ్చాడు. ఇన్నేళ్ల స్నేహంలో అతను అక్కడ అడుగుపెట్టడం అదే మొదటిసారి, చెప్పులు ఎక్కడ విడవాలో తెలియక గేటు దగ్గర తచ్చాడాడు. నేను మీ పెద్దమ్మ పలక కడిగి, కుడి సగం తుడిచి, సుద్దతో గీసుకొని, ఉలి పెట్టాను. నా పేరు దేవసహాయం అని చెక్కాను. వాలు రాతలో. కింద పుట్టిన సంవత్సరం వేసి, దాని పక్కన గీత గీసి వదిలేశాను.

మొదటి దెబ్బ వేస్తుంటే మా నాయన వెనకాల నిలబడి చూస్తున్నట్టే ఉంది. గురుస్వామి నాకు ఎండ తగలకుండా గొడుగు పట్టుకొని, ఎడమ చెవి దగ్గర నోరు పెట్టి, "బతికుండంగానే పేరు కొట్టుకుంటాండావే, ఏందప్పా నీకు పిచ్చా?" అని అరిచాడు. నీ సంగతి చెప్పాను. పని అయిపోయి నేను లేస్తుంటే, ఆ పేరు మీద దుమ్ము తన కండువాతో తుడిచి, "మేం విగ్రహమంతా చెక్కినా కండ్లు తెరిపిచ్చేదాకా అది రాయేనప్పా. మీదీ అంతే. కడాకు తేదీ పడేదాకా రాయే" అన్నాడు. అతను దేవుళ్ల పని చేసేవాడు, ఇలాంటివి నాకంటే బాగా తెలుసు. అందుకే నీకు రాస్తున్నాను. పేరు మనిషిని చంపదు. నేను చెక్కుకొని వచ్చి అన్నం తిన్నాను, పడుకున్నాను, లేచాను. ఈ పొద్దు కూడా లేచాను.

ఇంకో మాట. ఒకవేళ గురుస్వామిది తప్పయి మా నాయన చెప్పిందే నిజమనుకుందాం. అప్పుడు కూడా నువ్వు భయపడే పని లేదు. మన ఇంటి నుంచి ఒక పేరు కావాలంటే అక్కడ నాది ఉంది. మంచి రాయి మీద, వేలి గోరంత లోతున, తప్పులేని అక్షరాల్లో. నీదేమో కాగితం మీద ఉన్న పేరు, అదీ కుంటి జెతో. రెండూ పక్కన పెట్టి చదివేవాళ్లెవరైనా ముందు నాదే చదువుతారు.

ధైర్యంగా పోయి రా.

నీ పెద్దనాయన

*

నంద్యాల,
జులై 12

పెద్దనాయనా,

నేను ఉన్నాను. ఇంటికి వచ్చేశాను. రొమ్ము మీద నిలువునా కుట్లు, దగ్గితే ప్రాణం పోతుంది, కానీ పోలేదు. కలం పట్టుకోవడానికి ఈ పొద్దే ఒప్పుకున్నారు.

నీ ఉత్తరం నాకు ఇప్పుడు ఇచ్చాడు నాయన. ఆపరేషన్‌కు ముందే వచ్చిందట. విప్పి చదివి, నాకు చూపించలేక చొక్కా లోపలి జేబులో దాచుకొని కర్నూలంతా తిరిగాడట. ఎందుకు దాచావని అడిగితే, "నిన్ను ఆపరేషన్‌కు పంపించేటప్పుడు ఆయన పేరు కొట్టుకున్న సంగతి చెప్పలేకపోతినమ్మా. ఇద్దర్నీ ఒకసారి ఎట్ల మోసేది?" అని తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. నా ముందర నాయన ఏడవడం అమ్మ పోయిన రోజు తర్వాత ఇదే.

పెద్దనాయనా, ఎంత పని చేశావు. మొదటిసారి చదివినప్పుడు చివరి మాటలు నాకు అర్థం కాలేదు. రెండోసారి అర్థమయ్యాయి. నేను బతికి బయటికి వచ్చాను కదా, మరి ఆ పేరు? ఆ ఉత్తరం రాసింది జూన్‌లో. తర్వాత నీ దగ్గరి నుంచి ఒక్క ముక్క లేదు. గురుస్వామి మామ ఫోన్ ఎత్తడం లేదు. నాయన చూసి వస్తానంటే నేనే వెళ్లనివ్వలేదు, ఆయన వెళ్లి ఏం చూసి వస్తాడో అని. ఆసుపత్రి మంచం మీద కూడా ఇంత భయపడలేదు నేను.

నరేశ్ లేచాడు. అనిత అతణ్ణి నాకు చూపించడానికి తీసుకొచ్చింది, చేతికర్రతో నడుస్తున్నాడు. కార్డును అద్దం కట్టించి గోడకు పెట్టుకున్నారట.

ఆ పలక బోర్లించు. లేదా సిమెంటు పూసెయ్. ముందు ఒక్క పంక్తి రాసి పంపు. ఒక్క పంక్తి చాలు. పోస్టు అతను ఈ వీధిలోకి వచ్చే వేళకు వాకిట్లో కుర్చీ వేయించుకొని కూర్చుంటున్నాను.

జెస్సీ

*

ఆళ్లగడ్డ,
జులై 16

జెస్సీకి,

నేను ఉన్నాను. నువ్వు అడిగిన ఒక్క పంక్తి అయిపోయింది, మిగతాది ఊరికే రాస్తున్నాను.

ఉత్తరం ఎందుకు రాయలేదంటే, ఏమని రాయాలి? నీ దగ్గరి నుంచి కబురు వచ్చేదాకా ఏ మాట రాసినా అశుభంగా తోచింది. గురుస్వామి విగ్రహం ఒకటి లారీలో ఎక్కించి నిలబెట్టడానికి పోయాడు, నిన్ననే వచ్చాడు. ఫోన్ నీళ్లలో పడిందట. ఈ నెలంతా నేను పొద్దున్నే లేచి, చేతులు ఆడుతున్నాయా లేదా చూసుకొని, అప్పుడు ప్రార్థన చేసుకున్నాను. ఇంతకుముందు ప్రార్థనే ముందు ఉండేది.

పలక బోర్లించను. సిమెంటు పూయను. రాహేలమ్మ పక్కన చోటు ఇన్నాళ్లూ బోసిగా ఉండేది, ఇప్పుడు బాగుంది. పాస్టరుగారు వచ్చి చూసి, తనకు కూడా ఒకటి చెక్కిపెడతావా అని అడిగారు. పెట్టనని చెప్పాను. గీత పక్కన ఖాళీ ఉంది కదా, ఆ తేదీ నేను చెక్కుకోలేను. ఆ పని నీది. గాయం పూర్తిగా మానాక ఇక్కడికి రా, ఉలి పట్టుకోవడం నేర్పుతాను. తొందరేమీ లేదు, మెల్లగా నేర్చుకోవచ్చు. కానీ ఆ రోజుకు నువ్వు ఉండాలి.

ఫాంటును ఇంక వెనక్కి తెచ్చుకోవాలని చూడొద్దు. పోయింది పోయింది. పెళ్లిళ్లకు రాసుకోనీ, కేకుల మీద రాసుకోనీ. పోయినవాళ్ల కోసం దాచిపెట్టిన అందమంతా ఇప్పుడు పిల్లల పేర్ల మీద ఉంది. మా నాయన ఒప్పుకోడు. నేను కూడా పూర్తిగా ఒప్పుకున్నానని చెప్పను. ఆత్మకూరు బస్సు మొన్న పెళ్లివాళ్లను ఎక్కించుకొని మన బజారు మీదుగా పోతే, వెనక ఉన్న ఆ ఆడపిల్లల పేర్లు చదివి, కనిపించినంతసేపు చూస్తూ నిలబడ్డాను.

దీనితో పాటు ఇంకో కాగితం పెట్టాను, మడత పడకుండా అట్టల నడుమ. అందులో జె ఉంది. బ్రష్షుతో రాశాను. నువ్వు గీసిన కుంటిదాన్ని తీసేసి దీన్ని పెట్టు. చాలా కాగితాలు పాడుచేశాను, ఇదే ఉన్నవాటిలో మంచిది. ఇందులో కూడా తోక తిరిగే చోట గీత వణికింది. వయసు వల్ల కాదు. నీ పేరు నా చేత్తో మొదలుపెడుతున్నానని తెలిసి వణికింది. కంప్యూటర్లో వంకరలు సాపు చేస్తారట కదా. దీన్ని సాపు చేయొద్దు. ఆ వణుకును అట్లాగే ఉండనివ్వు.

నీ పెద్దనాయన